చిన్న విద్యుత్ కారుకు వెడల్పు టైర్లు: లాభమెంత, నష్టమెంత?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు మేము ముగ్గురం చాలాసేపు ఆలోచించాం. ఈ హాస్టల్లో ఒకే గదిలో పెరిగి, ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్సు కూడా ఒకే చోట చదువుతున్నవాళ్లం. "లక్ష్యం పెట్టుకోండి, కష్టపడి చదవండి" అని రాయడానికి మా కంటే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే ఈసారి ఒక కారు చక్రం గురించి రాస్తున్నాం. ఇందులో వచ్చే లెక్కలన్నీ పదో తరగతి, ఇంటర్ పుస్తకాల్లోవే. మేము వాటిని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం గానీ, అవసరం పడ్డ రోజున వాడలేదు. అదే ఈ వ్యాసం రాయడానికి కారణం.

మా సీనియర్ అన్న ఒకరు ఇదే హాస్టల్లో చదివి, హైదరాబాదులో చిన్న ఉద్యోగం చేస్తున్నారు. 2025లో అప్పు తీసుకుని ఒక సెకండ్ హ్యాండ్ విద్యుత్ కారు కొన్నారు. అది ఎం.జి. కామెట్. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన రెండు తలుపుల చిన్న కారు. పొడవు 2,974 మి.మీ., అంటే మూడు మీటర్లు కూడా లేదు. వెడల్పు 1,505, ఎత్తు 1,640 మి.మీ. వెడల్పు కంటే ఎత్తే ఎక్కువ. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,010 మి.మీ. మాత్రమే. మోటారు వెనక చక్రాలను తిప్పుతుంది. బ్యాటరీ 17.3 కిలోవాట్ అవర్లు. ఊళ్లో తిరగడానికి చేసిన బండి ఇది. ఇరుకు సందుల్లో దీన్ని తిప్పడం చూస్తే ముచ్చటేస్తుంది.

అయితే అన్న దీన్ని ఊళ్లోనే తిప్పలేదు. నెలకు రెండుసార్లు విజయవాడ హైవే మీద చిట్యాల దాటి, లోపల ఉన్న సొంతూరికి వెళ్లి వచ్చేవారు. రానూపోనూ సుమారు 150 కిలోమీటర్లు. బస్సులు, లారీలు పక్కనుంచి దూసుకుపోతే కారు ఊగుతోందని ఆయన బాధ. ఒక డెకరేషన్ షాపు వాళ్లు దీనికి మందు చెప్పారట: "సన్నటి టైర్లు తీసేసి వెడల్పువి వేద్దాం, చక్రాలు బయటికి రావడానికి స్పేసర్లు పెడదాం, బండి నేలకు అతుక్కుంటది." అన్న మమ్మల్ని అడిగారు. "ఫిజిక్సోళ్లు గదా, చెప్పుండ్రి. మంచిదేనా?" ఆధారం వెడల్పయితే స్థిరత్వం పెరుగుతుందని మేము వెంటనే చెప్పేశాం. కాగితం, పెన్ను తీయలేదు. ఆ మాట మీదే ఆయన డబ్బు ఖర్చు పెట్టారు.

ముందుగా టైరు మీద రాసి ఉండే అంకెల సంగతి. ఈ కారుకు కంపెనీ నుంచి వచ్చే టైరు 145/70 ఆర్ 12. మన పంక్చర్ షాపుల వాళ్లకు ఇది కొత్త సైజు కాదు. మారుతి 800కు ఉండేది కూడా ఇదే. 145 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 70 అంటే టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం. ఇది శాతమన్న సంగతి చాలామంది మరిచిపోతారు. 12 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. పక్కన 69 లాంటి అంకె ఉంటే అది మోయగల బరువుకు గుర్తు. 69కి ఒక్కో టైరు 325 కిలోలు మోస్తుందని అర్థం.

ఇప్పుడు వ్యాసం కట్టండి. 145లో 70 శాతం 101.5 మి.మీ. పైన ఒక గోడ, కింద ఒక గోడ, రెండూ కలిపి 203. రిమ్ము 12 అంగుళాలు, అంటే 304.8. మొత్తం 507.8 మి.మీ. దీన్ని 3.14తో గుణిస్తే చుట్టుకొలత సుమారు 1,595 మి.మీ. చక్రం ఒక్కసారి తిరిగితే కారు అంత దూరం వెళుతుంది.

షాపు వాళ్లు అన్న కారుకు వేసినవి 165/70 ఆర్ 12. 20 మి.మీ. వెడల్పు పెరిగిందని అందరం సంతోషించాం. 70 అలాగే ఉంది కదా, ఎత్తు మారదని అనుకున్నాం. కానీ 165లో 70 శాతం 115.5. వ్యాసం 535.8, చుట్టుకొలత 1,683 మి.మీ. అంటే టైరు వెడల్పుతో పాటు ఎత్తూ పెరిగింది. చుట్టుకొలత ఐదున్నర శాతం ఎక్కువైంది.

దీని ఫలితం మొదట మీటరులో కనబడుతుంది. కారు దూరాన్ని చక్రం తిరిగిన లెక్కను బట్టి కొలుస్తుంది. టైరు పెద్దదైందని దానికి తెలియదు. మీటరు 60 చూపించినప్పుడు అసలు వేగం 63 దాటి ఉంటుంది. మీటరులో 100 కిలోమీటర్లు తిరిగితే బండి నిజంగా తిరిగింది 105న్నర. వేగం నిజం కంటే తక్కువ చూపించే మీటరు మంచిది కాదు.

వెడల్పు పెంచి ఎత్తు మారకుండా ఉంచాలంటే శాతం తగ్గించాలి. 165/60 ఆర్ 12 తీసుకుంటే వ్యాసం 502.8. పాతదానికి ఒక్క శాతమే తేడా. లెక్క ప్రకారం 155/65 అయితే తేడా ఇంకా తక్కువ. అంగడిలో దొరుకుతాయా లేదా అన్నది వేరే మాట, అసలు ఈ లెక్క వేయకుండానే టైరు ఎంచారన్నది మా బాధ. రిమ్ము సంగతి కూడా ఎవరూ చూడలేదు. సన్నటి రిమ్ముకు వెడల్పాటి టైరు బిగిస్తే అంచులు లోపలికి లాక్కుని టైరు మధ్యలో ఉబ్బుతుంది. అప్పుడు నేలకు తాకేది నడుమ భాగమే. మలుపులో పక్కగోడలు వంగిపోతాయి. దేనికోసం వెడల్పు టైరు వేశామో అదే దక్కదు. ఏ వెడల్పు రిమ్ముకు ఏ టైరు సరిపోతుందో టైరు కంపెనీల పట్టికలో ఉంటుంది. రిమ్ము కొలత రిమ్ము మీదే చెక్కి ఉంటుంది.

ఇక పట్టు విషయం. వెడల్పు టైరు నేలను ఎక్కువగా తాకుతుంది, కాబట్టి ఎక్కువ పట్టు ఉంటుందని అందరూ అంటారు. మేమూ అన్నాం. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించినది అని తొమ్మిదో తరగతిలో చదివాం కదా. ఒక చక్రం మీద 220 కిలోల బరువు పడుతోందనుకోండి. టైరులో 32 పౌండ్ల గాలి ఉంటే అది చదరపు సెంటీమీటరుకు సుమారు 2.2 కిలోలు. 220ని 2.2తో భాగిస్తే 100 చదరపు సెంటీమీటర్లు. టైరు సన్నగా ఉన్నా, వెడల్పుగా ఉన్నా, అదే బరువుకు అదే గాలి ఉంటే నేలకు తాకే జాగా దాదాపు అంతే. టైరు గోడల గట్టిదనం వల్ల కొంచెం అటూఇటూ అవుతుంది, అంతే. మారేది ఆకారం. సన్నటి టైరు ముద్ర పొడుగ్గా, వెడల్పు టైరు ముద్ర అడ్డంగా ఉంటుంది. ఇంతా చేసి ఒక్కో చక్రం కింద ఒక అరచేయి అంత చోటు మీద మన ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

అడ్డంగా ఉన్న ముద్ర వల్ల పొడి రోడ్డు మీద మలుపుల్లో లాభముంది, కాదనం. స్టీరింగ్ తిప్పగానే బండి తొందరగా మాట వింటుంది. కానీ వానకాలంలో సంగతి వేరు. టైరు తన ముందున్న నీళ్లను పక్కకు తోసుకుంటూ పోవాలి. వెడల్పు ఎక్కువైతే తోయాల్సిన నీళ్లూ ఎక్కువే. తేలికైన కారుకు వెడల్పు టైర్లు వేస్తే నీటి మీద తేలిపోయే ప్రమాదం ముందే వస్తుంది. హైవే మీద వాననీళ్లు నిలిచిన చోట ఇది చిన్న విషయం కాదు.

విద్యుత్ కారుకు ఇంకో లెక్క ఉంది. వెడల్పు టైర్లు వేశాక రెండో నెలలో అన్న ఫోన్ చేసి, "ఫుల్ చార్జింగుకు 180 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు 160 గూడ కష్టంగున్నది. బ్యాటరీ పోయిందా ఏంది?" అని అడిగారు. ఆయన గొంతులో భయం ఉంది. అప్పు మీద కొన్న కారు, బ్యాటరీ మార్చాలంటే ఎంతవుతుందో ఆయనకు తెలుసు. అప్పుడు గానీ మేము కాగితం తీయలేదు.

టైరు దొర్లేటప్పుడు నేలకు తాకినచోట నలుగుతుంది, మళ్లీ సాగుతుంది. ఈ నలుగుడులో కొంత శక్తి వేడిగా పోతుంది. బరువులో వెయ్యింట పది వంతులు ఈ నిరోధం అనుకుందాం. మంచి టైర్లకు దాదాపు ఆ మాత్రమే ఉంటుంది. మనిషితో కలిపి కారు 900 కిలోలనుకుంటే నిరోధ బలం 88 న్యూటన్లు. ఒక కిలోమీటరుకు 88 వేల జౌళ్లు, అంటే 24.5 వాట్ అవర్లు. రిమ్ముకు సరిపోని, చవకరకం వెడల్పు టైరుకు అది వెయ్యింట పదమూడు అయిందనుకుందాం. కిలోమీటరుకు 32 వాట్ అవర్లు. తేడా ఏడున్నర.

180 కిలోమీటర్లు వచ్చే రోజుల్లో బ్యాటరీలోని 17,300 వాట్ అవర్లను భాగిస్తే కిలోమీటరుకు 96 ఖర్చు. దానికి ఏడున్నర కలిపితే 103.5. ఇప్పుడు వచ్చేది 167 కిలోమీటర్లు. మరి అన్న 160 కూడా కష్టమని అంటున్నారే? ఇక్కడే మీటరు సంగతి గుర్తుకొచ్చింది. నిజంగా 167 తిరిగితే మీటరు ఐదున్నర శాతం తక్కువగా, 158 చూపిస్తుంది. అంటే అన్నకు తగ్గినట్లు కనిపించిన ఇరవై చిల్లరలో పదమూడు నిజంగా టైర్లు తిన్నవి, తొమ్మిది మీటరు దాచినవి. బ్యాటరీకి ఏమీ కాలేదు. ఇది చెప్పినప్పుడు అన్న ఊపిరి పీల్చుకున్నారు. మేము వేసుకున్న అంకెలు ఉజ్జాయింపువే గానీ, అన్న చెప్పిన దానికి అంత దగ్గరగా రావడం మాకూ ఆశ్చర్యమే.

పెట్రోలు కారుకు ఇదే టైరు వేస్తే ఎవరూ ఇంత గమనించరు. పెట్రోలు ఇంజను ఇంధనంలో నాలుగో వంతు అటూఇటూగా మాత్రమే చక్రానికి అందిస్తుంది, మిగతాది వేడిగా పోతుంది. ట్యాంకులో శక్తి కూడా చాలా ఎక్కువ. విద్యుత్ కారులో తీసుకెళ్లే శక్తే తక్కువ, దానిలో వృథా తక్కువ. అందుకని టైరు తిన్న ప్రతి ముద్దా కంటికి కనిపిస్తుంది. ఊరికి వెళ్లి రావడానికి 150 కావాలి. 180 ఉన్నప్పుడు చేతిలో 30 కిలోమీటర్లు మిగిలేవి. 167 అయ్యాక మిగిలేది 17. ఒక డైవర్షన్ చాలు, మధ్యలో నిలబడిపోవడానికి.

ఇప్పుడు స్పేసర్ల దగ్గరికి వద్దాం. వెడల్పు టైరుకూ స్పేసరుకూ ఎందుకు జోడీ కుదురుతుందో మొదట మాకు అర్థం కాలేదు. టైరు 20 మి.మీ. వెడల్పయితే 10 బయటికి, 10 లోపలికి పెరుగుతుంది. లోపలివైపు షాక్ అబ్జార్బరు, మడ్‌గార్డు లోపలి పెంకు ఉంటాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు వాటికి రాసుకుంటుంది. ఆ రాపిడి తప్పించడానికి చక్రానికీ హబ్బుకూ మధ్య ఒక అల్యూమినియం బిళ్ల పెట్టి చక్రాన్ని బయటికి నెడతారు. అదే స్పేసరు. అన్నకు పెట్టినవి 20 మి.మీ. మందం. దాంతో లోపల ఇదివరకటి కంటే 10 మి.మీ. ఖాళీ వచ్చింది. కానీ బయటి అంచు 30 మి.మీ. బయటికి వచ్చింది, టైరు పైభాగం 14 మి.మీ. మడ్‌గార్డుకు దగ్గరైంది. నలుగురు ఎక్కి గుంతలో పడితే ఇప్పుడు బయట రాసుకుంటుంది. ఒక తప్పును కప్పడానికి ఇంకో తప్పు చేసినట్లయింది.

స్థిరత్వం పెరుగుతుందని మేము చెప్పిన మాట? అది అబద్ధం కాదు. రెండు చక్రాల మధ్య దూరం 1,300 మి.మీ. అనుకుంటే 40 పెరిగి 1,340 అవుతుంది. బోల్తా పడకుండా నిలిచే శక్తి ఆ నిష్పత్తిలోనే మూడు శాతం పెరుగుతుంది. టైరు పెద్దదై కారు 14 మి.మీ. పైకి లేచినందుకు అందులోనూ చాలా భాగం పోతుంది. పైగా ఈ కారుకు బ్యాటరీ నేల కింద ఉంటుంది కాబట్టి గరిమనాభి ముందే కిందికి ఉంది. మిగిలిన ఆ ఒకటో అరో శాతం కోసం ఏం పోగొట్టుకున్నామో చూడండి.

మన హాస్టల్లో నీళ్ల బకెట్టు మోసేటప్పుడు దాన్ని ఒంటికి ఆనించుకుని నడుస్తాం. అదే బకెట్టును చేయి చాచి మోయమంటే భుజం పడిపోతుంది. బకెట్టు బరువు పెరగలేదు, దూరం పెరిగింది. చక్రాన్ని బయటికి నెడితే హబ్బు లోపలి బేరింగుకు ఇదే గతి. ముందు చక్రాలకైతే స్టీరింగ్ తిరిగే ఇరుసు రేఖకూ, టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరం కూడా మారుతుంది. ఒక చక్రం గుంతలో పడగానే స్టీరింగ్ చేతిలో గుంజుతుంది. ఇంగ్లండులో పాత మినీ కార్ల యజమానులకు ఇవన్నీ ఎప్పటినుంచో తెలిసిన పాట్లే. వాళ్లూ 165/60 ఆర్ 12 టైర్లు, స్పేసర్లు వేసుకుని తిరిగినవాళ్లే. అదే మినీకి 1984లో కంపెనీ తానే 12 అంగుళాల చక్రాలు పెట్టినప్పుడు ఒక్క చక్రాలతో ఆగలేదు. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టింది, మడ్‌గార్డులకు బయటి అంచులు కలిపింది. వేసిన టైరు ఏమిటంటే మన 145/70 ఆర్ 12.

2025 ఆగస్టులో అన్న వాళ్ల అమ్మగారిని కంటి పరీక్షకు హైదరాబాదు తీసుకొస్తున్నారు. వెనక సీట్లో మేము ఇద్దరం ఉన్నాం. చౌటుప్పల్ దగ్గరికి వచ్చేసరికి వెనక ఎడమవైపు నుంచి టక్ టక్ అని చప్పుడు మొదలైంది. యాక్సిలేటరు వదిలితే ఒకసారి, తొక్కితే ఒకసారి. బండి పక్కకు ఆపి, నడిపించుకుంటూ పంక్చర్ షాపు దాకా వెళ్లాం. పెద్దాయన స్పానరు పెట్టి నాలుగు నట్లూ చూశారు. "నట్లన్నీ టైటే ఉన్నయ్ బిడ్డా," అన్నారు. మేము హమ్మయ్య అనుకున్నాం. ఆయన అనుకోలేదు. జాకీ ఎక్కించి, చక్రాన్ని పైనొక చేయి, కిందొక చేయి పెట్టి ఊపారు. కదిలింది. "నట్లు టైటు, చక్రం లూజు. గిదేం బండి?" అంటూ చక్రం విప్పారు.

లోపల స్పేసరు చేత్తో కదులుతోంది. ఈ రకం స్పేసరుకు రెండు వరసల నట్లు ఉంటాయి. లోపలి నాలుగు స్పేసరును హబ్బుకు పట్టి ఉంచుతాయి. స్పేసరు మీదున్న బయటి స్టడ్లకు చక్రం బిగిస్తారు. చక్రం బిగించాక లోపలి నట్లు కనిపించవు. ఎన్నిసార్లు బయటి నట్లు చూసుకున్నా ప్రయోజనం లేదు. లోపల మూడు నట్లు వదులయ్యాయి, నాలుగో స్టడ్డు మెడ దగ్గర తెగి ఉంది. అమ్మగారు షాపు ముందు స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. ఏమైందని అడిగారు. అన్న "ఏం లేదమ్మా, గాలి తక్కువైంది" అన్నారు. మేము ఆమె మొహం చూడలేకపోయాం.

ఆ స్పేసరు తెచ్చి మా ల్యాబులో వెర్నియర్ కాలిపర్సుతో కొలిచాం. మూడు తప్పులు దొరికాయి.

కారు అసలు స్టడ్లు స్పేసరు మందం కంటే పొడుగ్గా ఉండి బయటికి పొడుచుకొచ్చాయి. చక్రం వాటికి తగులుతుందని షాపు వాళ్లు గ్రైండరుతో కొనలు కోసేశారు. కోశాక నట్టు ఐదు చుట్లు మాత్రమే పట్టింది. స్టడ్డు ఎంత లావుంటే కనీసం అంత పొడవు మర నట్టులోకి దిగాలన్నది మెకానిక్కులు పాటించే పద్ధతి. 12 మి.మీ. స్టడ్డు, మరకూ మరకూ మధ్య ఒకటిన్నర మి.మీ. అంటే ఎనిమిది చుట్లు కావాలి. ఇది ఎవరైనా వేళ్లతో తిప్పి లెక్కపెట్టుకోవచ్చు.

రెండోది, స్పేసరు నడిమి రంధ్రం కారు హబ్బు కంటే 6 మి.మీ. పెద్దది. హబ్బు మీద అది బిర్రుగా కూర్చుని ఉంటే నడిమధ్యకు నిలిచేది. లేనందున ఏ నట్టు ముందు బిగిస్తే ఆ వైపుకు జరిగింది.

మూడోది మాకు బాగా నచ్చిన పాఠం. చక్రం బరువును స్టడ్లు కొక్కేల్లాగా మోస్తాయని అనుకుంటాం. కాదు. నట్టు బిగించినప్పుడు స్టడ్డు రబ్బరు బ్యాండు లాగా సాగి చక్రాన్ని హబ్బుకు అదుముతుంది. ఆ అదుముడు వల్ల పుట్టే ఘర్షణే చక్రాన్ని జారకుండా పట్టుకుంటుంది. 12 మి.మీ. స్టడ్డును 100 న్యూటన్ మీటర్ల బలంతో బిగిస్తే ఒక్కోటి సుమారు 4 టన్నుల బలంతో అదుముతుంది. నాలుగూ కలిసి 16 టన్నులు! అంత బలానికి స్టడ్డు సాగేది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు, ఒక వెంట్రుక మందం. హుక్ సూత్రం ప్రకారం మీరే లెక్క కట్టి చూడండి. ఇప్పుడు హబ్బుకూ స్పేసరుకూ మధ్య తుప్పు పొరో, రంగు పొరో ఉందనుకోండి. అన్న కారు హబ్బు మీద తుప్పు గీకకుండానే స్పేసరు పెట్టారు. నాలుగు రోజులు తిరిగేసరికి ఆ పొర నలిగి, వెంట్రుక మందం తగ్గింది. స్టడ్డు సాగిందే అంత కాబట్టి బిగువంతా పోయింది. అందుకే చక్రం ఎప్పుడు విప్పి బిగించినా 50, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగువు చూసుకోమంటారు. లోపలి నట్లను ఎలా చూస్తాం? చక్రం విప్పితే తప్ప కుదరదు.

బిగువు తగ్గి రెండు ముఖాలు అటూఇటూ జారడం మొదలైతే నట్టు తనంతట తానే విప్పుకుంటుంది. దీన్ని గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు 1969లో ప్రయోగం చేసి చూపించారు. పైకీ కిందికీ ఊపడం కన్నా అడ్డంగా జరపడమే నట్టును వేగంగా వదులు చేస్తుందని ఆయన తేల్చారు. విద్యుత్ కారులో ఈ జరుగుడుకు అదనపు కారణం ఉంది. పెడల్ తొక్కితే మోటారు చక్రాన్ని ముందుకు తోస్తుంది. వదిలితే అదే మోటారు జనరేటరై చక్రాన్ని పట్టి లాగుతుంది, ఆ శక్తి బ్యాటరీలోకి వెళుతుంది. ఈ కారులో ఆ రెండు పనులూ వెనక చక్రాల మీదే. ట్రాఫిక్కులో పెడల్ వదిలిన ప్రతిసారీ వెనక చక్రం కీలు మీద బలం దిశ మారుతుంది. టక్ టక్ చప్పుడు తొక్కినప్పుడూ, వదిలినప్పుడూ ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది.

బిగించే తీరు గురించి ఒక మాట. స్పానరు మీద కాలు పెట్టి తొక్కడం మన రోడ్ల మీద రోజూ చూసేదే. 60 కిలోల మనిషి అడుగు పొడవు స్పానరు కొన మీద నిలబడితే 175 న్యూటన్ మీటర్లు దాటుతుంది. కావలసింది వంద చిల్లర. స్టడ్డు తట్టుకోలేనంత సాగితే మళ్లీ వెనక్కి రాదు. కాబట్టి తక్కువ బిగించినా, అతిగా బిగించినా చివరికి ఒకటే. సరైన అంకె కారు పుస్తకంలో ఉంటుంది, ఆ అంకె దగ్గర టక్కుమనే టార్కు రెంచి కొన్ని షాపుల్లో ఉంటుంది.

చట్టం సంగతి మాకు తర్వాత తెలిసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అని చేర్చారు. దీనికంటే అన్నను భయపెట్టింది బీమా. ఆ రోజు చక్రం ఊడి ఎవరికైనా తగిలి ఉంటే స్పేసర్ల గురించి మొదటి ప్రశ్న వచ్చేది ఆయనకే, షాపుకు కాదు.

ఇంతకీ కారు ఎందుకు ఊగింది? పాత టైర్లు షాపు వాళ్లు అన్నకే ఇచ్చారు. వాటిని మళ్లీ బిగించేటప్పుడు ఆయన చెప్పిన మాట విని మాకు తల తిరిగింది. కారు కొన్ననాటి నుంచి ఆయన గాలి కొట్టించలేదు. తీసేసే రోజు షాపులో గేజి పెడితే వెనక టైర్లలో 22 పౌండ్లే ఉందట. గాలి తక్కువైన టైరు గోడలు పక్కకు వంగుతాయి, బండి ఊగుతుంది. మిగతాది గాలి తోపు. ఎత్తైన, తేలికైన, పొట్టి బండిని లారీ గాలి తోస్తుంది. దాన్ని ఏ టైరూ ఆపదు. వేగం తగ్గించి, లారీకి కొంచెం ఎడంగా ఉండాలి, అంతే.

ఇప్పుడు అన్న కారుకు నాలుగు కొత్త 145/70 ఆర్ 12 టైర్లు ఉన్నాయి. తెగిన స్టడ్డూ, కోసిన స్టడ్లూ మార్పించారు. కుదుపు తిన్న వెనక ఎడమ బేరింగు కూడా మార్చాల్సి వచ్చింది. వీల్ అలైన్‌మెంట్ చేయించి, డ్రైవరు తలుపు పక్కన అతికించి ఉన్న చీటీ ప్రకారం గాలి కొట్టిస్తున్నారు. పదిహేను రోజులకోసారి మాకు ఆ అంకె ఫోన్లో పంపుతారు, మేము అడిగినా అడగకపోయినా. హైవే మీద కారు ఇంకా కొంచెం ఊగుతుంది గానీ, మునుపటంత కాదంటున్నారు. ఫుల్ చార్జింగుకు మళ్లీ 180 దగ్గరికి వచ్చింది. టైర్లకూ స్పేసర్లకూ పెట్టిన డబ్బు పోయింది. మా వంతు ఇస్తామంటే తీసుకోలేదు.

ఆ నాలుగు స్పేసర్లు, తెగిన స్టడ్డు మా గదిలోనే ఉన్నాయి. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు వెర్నియరుతో సహా తెస్తాం. ఇంటర్ వాళ్లు వచ్చి కొలవండి. స్టడ్డు తెగిన ముఖం మీద బీచ్ గవ్వ మీద ఉన్నట్లు గీతలు కనిపిస్తాయి. ఏ గీత దగ్గర పగులు మొదలైందో కనిపెట్టండి, మేమింకా వాదించుకుంటూనే ఉన్నాం.